వెనక గోడ దగ్గరి మనిషి

"అదిగో, మళ్లీ వచ్చాడు!" అంది హేజెల్.

ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్ ఊరి క్లబ్బులో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడతను. యాభై దాటిన మనిషి. పొట్టి క్రాపు, అద్దంలా మెరిసే బూట్లు, చేతిలో నోటుబుక్కు.

ఇది ఐదో ఊరు. ప్రతి ఊళ్లోనూ అక్కడే నిలబడతాడు, ఏదో రాసుకుంటాడు.

"మఫ్టీలో పోలీసే. అందరూ చిరుగుల బట్టలతో వచ్చే పంక్ పాటలకి బూట్లు పాలిష్ చేసుకుని ఎవడొస్తాడే?" అన్నాడు డ్రమ్ములు వాయించే డెరిక్.

వాళ్ల బృందం పేరు 'రేషన్ బుక్'. ఆ వేసవిలో అర్జెంటీనా మీద ఫాక్‌లాండ్స్ యుద్ధం గెలిచామని వీధివీధినా జెండాలు ఊపుతుంటే, ఆ యుద్ధంలో మునిగిపోయిన ఓడలోని కుర్రాళ్ల మీద పాట కట్టింది హేజెల్. దేశద్రోహి అన్నారు. కిటికీలు పగలగొట్టారు. అయినా ఊరూరా పాడుతూనే ఉంది. పోలీసులు ఆ పాటని ఎక్కడ ఆపించేస్తారోనన్నదే ఆమె భయమంతా.

ఆ రాత్రి ఆ పాట మధ్యలోనే అతను వంచిన తల ఎత్తకుండా రాస్తుంటే ఆమెకి కడుపు మండింది.

"ఏం పెద్దాయనా, నిదానంగా పాడమంటావా, రాసుకోడానికి?" మైకులో అరిచింది. "చూడండ్రా, మన మధ్యలో పోలీసు!"

జనం వెనక్కి తిరిగారు. ఎవరో ఉమ్మారు. ఎవరో అతని నెత్తిన బీరు పోశారు.

"కాదమ్మా, నేను..." అన్నాడతను. ఆ గోలలో వినేదెవరు!

తోపులాటలో నోటుబుక్కు జారిపోయింది. దానికోసం రెండు చేతులూ చాచాడు గానీ, అప్పటికే గుమ్మం బయటికి గెంటేశారు.

కింద పడ్డ నోటుబుక్కు డెరిక్ తీశాడు. "దాన్ని ఇప్పుడే తెరవొద్దు," అంది హేజెల్. "శనివారం షెఫీల్డులో అందరి ముందూ చదువుతా."

శనివారం వెనక గోడ దగ్గర ఎవరూ లేరు.

"పీడ విరగడైంది," అన్నాడు డెరిక్.

హేజెల్ నోటుబుక్కు పైకెత్తి చూపించి చదవడం మొదలుపెట్టింది.

"'హాలిఫాక్స్. పది పాటలు. జనం రెండొందలు.'"

"చూశారా, రిపోర్టు!" జనం ఈలలు వేశారు.

"'ఆ పిల్లకి జలుబు చేసింది. గొంతు బొంగురుపోయింది. వేడినీళ్లలో తేనె వేసుకుని తాగితే బాగుండు.'"

హాలంతా ఘొల్లుమంది. హేజెల్ కూడా నవ్వుతూ పేజీ తిప్పింది.

"'ఓడ పాట పాడారు. ఈసారి పొల్లుపోకుండా రాసుకున్నా. బూట్లు కూడా నువ్వు నేర్పినట్టే తుడుచుకుని...'"

ఆగిపోయింది.

"ఎవరికే రాస్తున్నాడు?" అన్నాడు డెరిక్.

హేజెల్ కళ్లు కింది వాక్యం మీదికి జారాయి. గుమ్మం దగ్గర చాచిన ఆ రెండు చేతులే కళ్లముందు మెదిలాయి. అయ్యో, పేరైనా అడగలేదే! వెనక గోడ వైపు చూసింది.

"చదవవే!" అని అరిచారు జనం.

చదివింది. ఆ తర్వాత ఏ వేదికా ఎక్కలేదామె. మైకులో ఆమె పలికిన ఆఖరి మాటలు ఇవే:

"'సెలవుకొచ్చినప్పుడు వీళ్ల పాటలకి ఇద్దరం కలిసి వెళ్దామన్నావు కదరా కాలిన్, ఆ ఓడలోంచి నువ్వు తిరిగి రాలేదు, అందుకే నీ వంతు కూడా నేనే వింటున్నా, ఇట్లు మీ నాన్న.'"