మిల్లు వంతెన కింది ట్రౌట్

దారం మళ్ళీ తెగింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

"నీ మొహం మండ!" అని క్లెమెంట్ గాలపు ముల్లుని తిట్టాడు. వంటింటి బల్ల అంచుకి బిగించిన చిన్న వైస్ దవడల మధ్య ఆ బియ్యపుగింజంత ముల్లు ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. దాని చుట్టూ కోడిపుంజు మెడ ఈక చుట్టి, చేపని మోసం చేసే దొంగ ఈగని తయారుచెయ్యాలి. పోచలు సమంగా విచ్చుకుంటేనే ఆ దొంగ ఈగ నీళ్ళ మీద తేలుతుంది. చుట్టు వదులైతే మునుగుతుంది. బిగిస్తే దారం తెగుతుంది. డెబ్బై ఏళ్ళ వేళ్ళకి ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో తెలిసి చావడం లేదు.

పోనీ వానపాముని గుచ్చి పడేద్దామంటే ఊరి ఏట్లో చేపలు పట్టేవాళ్ళ క్లబ్బు ఒప్పుకోదు. ఆ ఏట్లో తేలే ఈగతోనే చేపని పట్టాలి. ఇంకే ఎర వేసినా సభ్యుల పట్టీలోంచి పేరు కొట్టేస్తారు.

మిల్లు వంతెన కింద ఒక ట్రౌట్ ఉంది. మూరెడు చేప. మూడేళ్ళుగా క్లెమెంట్ ప్రాణం తోడేస్తోంది. ఏటి మీద ఏ పురుగు ఎగిరితే దాన్ని అచ్చు దించి విసిరాడు. అది పైకొస్తుంది. కూరలో వెంట్రుకని చూసినట్టు చూస్తుంది. కిందికి పోతుంది.

ఇవాళ సెప్టెంబరు ముప్ఫై. సీజను ఆఖరి రోజు. ఇవాళ తప్పితే మళ్ళీ ఏప్రిల్ దాకా గాలం ముట్టకూడదు.

చేప పోతే పోయింది, అతని బెంగంతా విన్నీ గురించే. మూడేళ్ళ కిందట క్లబ్బు విందులో గ్లాసు పైకెత్తి, అందరి ముందూ మాటిచ్చాడు. "ఆ చేపని పట్టిన రోజే గాలం కర్ర గోడకి తగిలించేస్తాను. ఇక రోజంతా ఇంట్లోనే, నా పెళ్ళాం పక్కనే!" ఆ మాటకి విన్నీ కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. పిచ్చిది, ఎంత సంబరపడిందో! మాట ఇంకా తీర్చలేకపోయానే అని అతనికి తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

సీజను లేని ఆరు నెలలూ అతను ఎంత సాయం చేస్తాడని! పోయిన చలికాలం ఆమె డబ్బాలన్నీ పొడవు వరసలో సర్దిపెట్టాడు. బంగాళాదుంప తొక్క ఎంత పల్చగా తియ్యాలో పక్కనే నిలబడి చెప్పాడు. ఏడాది పొడుగునా అలా ఉంటే ఆమెకి ఇంకేం కావాలి?

విన్నీ కోటు తొడుక్కుంటూ వచ్చి అతని భుజం మీంచి తొంగిచూసింది.

"బాగానే ఉందిగా."

"ఏం బాగు? తోక చూడు, ఎలా వాలిపోయిందో. నా వల్ల కాదు విన్నీ. ఈ యేడూ అంతే."

"పోనీలే. వచ్చే యేడుంది. అదీ కాకపోతే ఆ పై యేడు. నేనేమన్నా తొందరపెట్టానా?"

ఎంత ఓపిక ఈవిడకి! క్లెమెంట్ తెగిన దారం పక్కన పడేశాడు.

"రొట్టె ఉందా? నీరసంగా ఉంది."

"అయిపోయింది."

"అదేంటి, నిన్ననే కదా ఇంత పెద్దది తెచ్చాను!"

"నేనేమన్నా దాచుకున్నానా? బిస్కెట్లున్నాయి, తిను. అలా నడిచొస్తాను, మోకాళ్ళకి మంచిదట. నువ్వు మాత్రం పన్నెండు లోపల బయల్దేరకు. ఎండెక్కితేగానీ పురుగు లేవదని నువ్వేగా అంటావు."

బుట్ట తగిలించుకుని వెళ్ళిపోయింది.

క్లెమెంట్ పళ్ళు బిగపట్టి ఇంకో ముల్లు బిగించాడు. ఈసారి ఈక చెప్పిన మాట విన్నది. తోక నిటారుగా నిలబడింది. సాసర్లో నీళ్ళు పోసి వదిలితే ఈగ బుడుంగున మునగకుండా దర్జాగా తేలింది. ఇక పన్నెండు దాకా ఎవడు ఆగుతాడు?

వంతెనకి దిగువన, రెల్లు చాటున మోకాళ్ళ మీద పాకాడు. చేప కనిపించింది. ఎప్పుడూ లేనంత హుషారుగా మీదికొచ్చి గుటుక్కు గుటుక్కున మింగుతోంది. ఏం పురుగు తింటోందది? కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఏటి మీద ఒక్క పురుగూ లేదు. తెల్లటి తునకలేవో పైనుంచి రాలుతున్నాయి. అతను మెల్లిగా తలెత్తాడు.

వంతెన పిట్టగోడ మీద నుంచి వంగి, నిన్నటి రొట్టెని తుంచి తుంచి నీళ్ళలోకి వదులుతూ విన్నీ బతిమాలుతోంది: "కడుపు నిండా తిను నా బంగారం, మా క్లెమ్ ఈగకి మాత్రం నోరు తెరవకు, నువ్వు దొరికావంటే రేపట్నుంచి ఆయన ఇంట్లోనే ఉంటాడు!"