రెండో తాళంచెవి

"ఇంకో పది నిమిషాలు చూస్తాను. రాకపోతే తాళం పగలగొట్టిస్తా," అన్నాడు సర్కారు సైన్యం కెప్టెన్.

స్టోర్‌కీపరమ్మ ఇనుప తలుపుకి అడ్డంగా నిలబడింది.

లోపల తిరుగుబాటుదారులు అప్పగించిన నాలుగొందల తుపాకులున్నాయి. తలుపుకి రెండు తాళాలు. ఒకదాని చెవి సర్కారు తరఫున ఆమె దగ్గర, రెండోది తిరుగుబాటుదారుల తరఫు పెద్దమనిషి దగ్గర. రోజూ ఉదయం తొమ్మిదికి ఇద్దరూ కలిసి తెరిచి, లెక్క చూసి, సంతకాలు పెట్టి మూసెయ్యాలి. ఏ ఒక్కరు విడిగా తెరిచినా శాంతి ఒప్పందం రద్దయినట్టే. పదకొండు నెలలుగా ఆయన నిమిషం ఆలస్యం చెయ్యలేదు. కాపలావాళ్ళు ఆయనకి 'గడియారం' అని పేరు కూడా పెట్టేశారు.

ఇవాళ తొమ్మిదిన్నరైనా గడియారం జాడ లేదు. నిన్న సాయంత్రం ఊళ్ళో బాంబు పేలి ఒక బస్సు తునాతునకలైంది. పద్నాలుగు మంది పోయారు.

"చేసింది వాళ్ళే. అందుకే మొహం చాటేశాడు. ఈ తుపాకులు మా దగ్గరికి తరలించేసి, వాళ్ళ శిబిరం మీద పడతాం," అన్నాడు కెప్టెన్.

"చేసింది వాళ్ళు కాకపోతే?"

"క్షమాపణ చెబుదాం."

"ఎవరికి సార్? అక్కడ మిగిలేదెవరని?"

కెప్టెన్‌కి ఒళ్ళు మండింది. "మీవాళ్ళెవరైనా ఆ బస్సులో ఉంటే తెలిసేది! ఎన్నయినా చెబుతారు మీరు."

లోపల ఆమెకీ భయంగానే ఉంది. సర్కారు పెన్నుని నమ్మనంటూ మొదట్లో ఆ పెద్దమనిషి తన పెన్ను తనే తెచ్చుకునేవాడు. ఎప్పుడు మానేశాడో, ఎప్పుడు చెల్లెమ్మా అని పిలవడం మొదలెట్టాడో ఆమెకే గుర్తులేదు. అదంతా నాటకమేనా?

"వస్తున్నాడు సార్! ఒక్కడే!" గేటు దగ్గర కాపలావాడు కేకేశాడు. "చొక్కా నిండా రక్తం!"

కాపలావాళ్ళ తుపాకులన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

"చేతులెత్తు!"

ఎత్తాడు. కుడి పిడికిలి బిగించే ఉంది.

"పిడికిలి విప్పు. కాల్చేస్తా!"

"విప్పను. చెల్లెమ్మ చేతిలోనే పెడతా."

"వెళ్ళకండి!" కెప్టెన్ అరిచాడు.

ఆమె వెళ్ళింది. గేటు దాకా ఇరవై అడుగులుంటుందేమో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచింది. ఆమె చెయ్యి చాచగానే ఆయన పిడికిలి విప్పాడు.

తాళంచెవి.

"రెండూ నీ దగ్గరే ఉంచు. సాయంత్రం నేనే వచ్చి అడిగినా ఇవ్వకు. కాళ్ళ మీద పడ్డా ఇవ్వకు."

"ఒప్పందం వదిలేస్తున్నారా అన్నగారూ? అయితే బాంబు మీవాళ్ళదేనా?"

"కాదు. ఒప్పందం గిట్టక మమ్మల్ని వదిలిపోయిన నలుగురి పని. పేర్లు, వాళ్ళు దాక్కున్న ఇల్లు రాసిస్తా. పట్టుకుని కోర్టుకి పంపండి. ఆ నలుగురి కోసం మా శిబిరం మీద పడొద్దని మీ కెప్టెన్‌కి చెప్పు."

"సరే. దానికీ తాళంచెవి ఇచ్చెయ్యడానికీ సంబంధమేంటి?"

ఆయన తలుపు వంక చూడకుండా మొహం తిప్పుకున్నాడు.

"బస్సులో చనిపోయినవాళ్ళలో నా కూతురుంది."