పన్నెండో పేజీ

ఉదయం ఆరూ నలభైకి ఒక ముసలాయన గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచి, లాన్ మీద మోకాళ్ళూని, చొక్కా జేబులోంచి స్కేలు తీసి గడ్డి ఎత్తు కొలిచాడు.

గడ్డి కోస్తున్న మాస్టారు మిషన్ ఆపారు.

"ఎవరు నువ్వు?"

"మరీ కురచగా కోస్తున్నారు బాబూ. అంగుళం కూడా లేదు. ఇలా అయితే వేళ్ళు ఎండిపోతాయి."

"పని కోసం వచ్చావా? మా లాన్ మేమే చూసుకుంటాం."

"పనికి రాలేదు. మూడంగుళాలు ఉంచాలి. నీళ్ళు సాయంత్రం పెడుతున్నట్టున్నారు. పొద్దున పెట్టండి. రాత్రంతా తడిగా ఉంటే బూజు పడుతుంది."

మాస్టారు లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చారు. లాన్ వేసినప్పుడు నర్సరీవాళ్ళు ఇచ్చిన పుస్తకం. ముప్పై రెండు పేజీలు. పన్నెండో పేజీలో ఒక వాక్యం కింద ఆయనే గీత గీసుకున్నారు.

"చదువు. ఒక అంగుళం. అచ్చులో ఉంది."

"ఉంది బాబూ. అదే తప్పు." ముసలాయన పెన్ను తీశాడు. "ఒక్కసారి ఇటిస్తే దిద్ది ఇచ్చేస్తాను."

మాస్టారు ముప్పై ఏళ్ళు పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దారు. ఆయన చేతిలోని కాగితాన్ని ఇంకొకరు దిద్దడం అంతవరకూ జరగలేదు.

"రాసినవాడికి తెలీదు, నీకు తెలుసు. అంతేనా?"

ముసలాయన తల దించుకున్నాడు.

"రాసినవాడు కూడా బాబూ..."

"చాల్లే. పొద్దున్నే దొరికావు నాకు."

మోచెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించారు. చెప్పుల్ని కాలితో అవతలికి తోశారు.

మాస్టారి భార్య వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. ముసలాయన గేటు మీంచి ఆవిడ వైపు చూశాడు.

"మూడంగుళాలమ్మా," అన్నాడు.

ఆవిడకు పక్షవాతం వచ్చి అయిదు నెలలు. కుడి పాదానికి స్పర్శ తిరిగి రావాలంటే గడ్డి మీద చెప్పుల్లేకుండా నడవాలని ఫిజియోథెరపిస్టు చెప్పాడు. లాన్ వేయించింది అందుకే. ఆ వారానికి పందొమ్మిది అడుగులు వేసింది.

"ఏమండీ, ఆయన తల దించుకున్నాడు, చూశారా? మీరు తిట్టక ముందే దించుకున్నాడు."

"నువ్వు అడుగులు లెక్కపెట్టుకో. మనుషుల సంగతి నేను చూస్తాను."

పది రోజులకు గడ్డి కొసలు పసుపు రంగుకు తిరిగాయి. మాస్టారు పన్నెండో పేజీ మళ్ళీ చదివారు. అంగుళం దాటినచోటల్లా కోశారు. యూరియా రెండింతలు చల్లారు. చల్లింది మధ్యాహ్నం ఎండలో.

ఒక ఉదయం ఆరూ నలభైకి బెల్ మోగింది. మాస్టారు కిటికీలోంచి చూశారు. చొక్కా జేబులో స్కేలు కనిపించింది.

"గేటు తీయండి," అంది భార్య. "పెద్దాయన, టీ అయినా ఇద్దాం."

"టీ ఇస్తే రోజూ వస్తాడు."

సోమవారం మళ్ళీ మోగింది. మాస్టారు లేచి బెల్ స్విచ్ కట్టేశారు.

శనివారం నాటికి లాన్‌లో మన్ను బయటపడింది. మిగిలిన గడ్డి చీపురు మొదళ్ళలా నిలబడి ఉంది. భార్య దాని మీద నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మాస్టారు వంగి ఆవిడ పాదం ఎత్తి చూశారు. రెండుచోట్ల గీరుకుంది.

"పందొమ్మిది నుంచి నాలుగుకి దింపారు," అంది భార్య. "ఎవరు ఫెయిలైనట్టు మాస్టారూ, నేనా, మీరా?"

ఆయన నవ్వలేదు.

"లోపలికి తీసుకెళ్ళండి. ఇక నడవను."

ఆయన ఆవిడని మంచం మీద కూర్చోబెట్టి, పుస్తకం పట్టుకుని నర్సరీకి వెళ్ళారు. నర్సరీ ఆవిడ బల్ల మీద పుస్తకం పడేశారు.

"మీరిచ్చిందే. అక్షరం పొల్లుపోకుండా చేశాను. వచ్చి చూడండి నా లాన్."

ఆవిడ తిన్నగా పన్నెండో పేజీ తీసింది.

"ఇది దిద్దలేదే! ఆయన మీ ఇంటికి రాలేదా?"

"ఎవరు?"

"రాసినాయనండీ. ఆ అంగుళం ఆటమైదానం గడ్డికి. ఆయన పని చేసింది అక్కడే. పొరపాటున ఇళ్ళ పుస్తకంలో అదే కొలత రాసేశారు. మేం ఫోన్లు చేసి చెప్తామన్నాం. ఒప్పుకోలేదు. 'తప్పు రాసింది నేను, తిరగాల్సిందీ నేనే' అన్నారు. లాన్ వేయించుకున్న వాళ్ళ చిరునామాలు రాసుకుని వెళ్ళారు."

మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"వారి ఇల్లెక్కడ? నేను వెళ్ళి కనపడాలి."

"మంగళవారం పోయారండి. గుండెపోటు."

ఆవిడ సొరుగులోంచి ఒక నోట్‌బుక్ తీసి బల్ల మీద పెట్టింది.

"వాళ్ళమ్మాయి నిన్న ఈ నోట్‌బుక్ ఇచ్చి వెళ్ళింది. ఒక్క ఇల్లు మిగిలిపోయిందట, మమ్మల్ని వెళ్ళి చెప్పమంది. మీ డోర్ నంబరు ఎంతండీ?"

మాస్టారు నోట్‌బుక్ తన వైపు తిప్పుకున్నారు.

ఎనభై మూడు చిరునామాలు. ఎనభై రెండింటికి టిక్కు ఉంది. టిక్కు లేనిది మాస్టారి ఇల్లు.

దాని పక్కన ఇలా రాసి ఉంది: "ఆవిడకి చెప్పాను. పుస్తకం దిద్దనివ్వలేదు. వాళ్ళ తప్పు లేదు. మళ్ళీ వెళ్ళాలి."

దాని కింద మూడు తేదీలు ఉన్నాయి. మూడోది సోమవారానిది.