నూరో రోజు వంతెన

టక్. టక్. టక్.

"పక్కింటి వడ్రంగి మళ్ళీ మొదలుపెట్టాడు" అని విసుక్కుంటూ ఆచార్యుడు గది తలుపు మూశాడు.

తెర మీద ఆయన ఊరు కదులుతోంది.

అది వీడియో గేమ్. ఆడేవారు రెండు వందల మంది, ఎవరింట్లో వారు. ఆ ఊళ్ళో పన్నులు లేవు, పాలకులు లేరు. ఎవరి లాభం వారు చూసుకుంటే చాలు, ఊరు తనంత తానే నిలబడుతుందన్నది ఆయన సిద్ధాంతం.

నూరు రోజులు నిలిస్తే ఆయన పుస్తకం అచ్చుకు వెళుతుంది.

ఇది నూరో రోజు.

"సార్, ఒకళ్ళు తేడాగా ఉన్నారు" అంది గేమ్ తయారుచేసిన శిష్యురాలు. "పేరు కూడా పెట్టుకోలేదు. నలభై ఒకటో నంబరు. పొద్దస్తమానం ఏటి వంతెనకి మేకులు కొట్టడమే పని. తనకంటూ ఏమీ సంపాదించుకోలేదు."

"ఎందుకట?"

"అడిగితే నవ్వు బొమ్మ పంపారు."

"లాభం చూసుకోని మనిషి ఉంటాడా? అది గేమ్‌లో లోపం. తీసెయ్."

ఆమె తీసేసింది.

టక్‌టక్ ఆగింది.

"హమ్మయ్య, వడ్రంగి కూడా అలిసిపోయాడు" అని ఆచార్యుడు నవ్వాడు.

అరగంటకు వంతెన ఒక పక్కకు ఒరిగింది.

బాగుచేయమని ఎవరిని అడిగినా ఒకటే మాట: "నాకేంటి?"

అవతలి గట్టు ధాన్యం ఇవతలికి రాలేదు. అంగళ్ళు మూతపడ్డాయి. ఒక్కొక్కరే ఊరు విడిచి పోసాగారు.

"సాయంత్రం దాకా నిలిచేలా లేదు సార్."

ఆచార్యుడు కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

"ఆ నలభై ఒకటిని వెనక్కి పిలువు."

"ఖాతా తెరుస్తాను సార్. రావడం మానడం వాళ్ళిష్టం. మీ సిద్ధాంతమేగా!"

ఆయన చేతులు నలుపుకుంటూ వంతెననే చూస్తూ కూర్చున్నాడు.

ఒక నిమిషం. అయిదు నిమిషాలు.

టక్.

తెర మీద మేకు దిగింది. అదే క్షణాన గోడ అవతల సుత్తి మోగింది.

ఆయన లేచి తలుపు తీశాడు. ఆ చప్పుడు పక్కింటిది కాదు, తమ వంటగదిది.

పనికిరాదని ఆయన ఏనాడో పక్కన పడేసిన, ఇప్పుడు టక్‌టక్‌మని మోగుతున్న కంప్యూటర్ ముందు, కళ్ళజోడు ముక్కు చివరకు జారగా, భార్య కూర్చుని ఉంది.

"మీ ఊళ్ళోంచి నన్ను గెంటేశారేంటండీ?" అంది తల తిప్పకుండానే. "ఉండండి, ఈ దూలం కాస్త బిగించనివ్వండి. పాపం, మనుషులు దాటాలి."

ఆయన గడప మీదే చతికిలబడ్డాడు.

"సార్, వంతెన నిలబడింది!" గదిలోంచి శిష్యురాలి కేక. "మరి పుస్తకం?"

"మళ్ళీ రాద్దాంలే అమ్మా. ముందు ఆ నలభై ఒకటికి ఎదురుగా పేరు రాసుకో" అని, ముప్పై ఏళ్ళుగా "ఇదిగో" అని తప్ప పిలవని భార్య పేరును ఆయన మొదటిసారి, ఇల్లంతా వినబడేలా పలికాడు.