ఇరుసులో వెలుగు

నాటింగ్‌హామ్ ఊరు దాటాక కాలువ గట్టు మీద వీధిదీపాలు ఉండవు. ఎవరికైనా నొప్పులని కబురొస్తే, మంత్రసానినైన నాకు సైకిల్ లైటే దిక్కు. దాని డైనమో ముందు చక్రం ఇరుసులోనే ఉంటుంది. చక్రం తిరిగినంతసేపే వెలుగు, ఆగితే చీకటి.

మా ఆయన విల్ఫ్ ఆ డైనమోలు బిగించే కార్ఖానాలోనే పనిచేసేవాడు. "చుట్టూ ఇనుప కడియం తొడగకుండా డైనమోలోని అయస్కాంతాన్ని బయటికి లాగావో, దాని సత్తువంతా పోతుంది ఎనిడ్. అయినా నా మాట ఎప్పుడు విన్నావు గనక!" అనేవాడు.

ఆయన చనిపోయిన నెలకు, గ్రీజు మారుద్దామని కడియం లేకుండానే లాగేశాను. అప్పటినుంచి దీపం గుడ్డిగానే వెలుగుతోంది.

నిన్న రాత్రి హాలమ్ గారి కోడలికి నొప్పులంటే పొగమంచులో బయలుదేరాను. సగం దారిలో దీపం ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. ఉలిక్కిపడి దిగిపోయాను. చక్రం ఆగింది కానీ వెలుగు ఆరలేదు. కాలువ నీళ్ల చప్పుడు కూడా లేదు. ఇరుసు మీద చెయ్యి పెట్టి చూశాను. అంత డిసెంబరు చలిలోనూ అది మనిషి అరచేయిలా వెచ్చగా ఉంది.

"విప్పేశాను విల్ఫ్," అన్నాను. "తిడితే తిట్టు. కానీ ఆ పిల్ల ఎదురుచూస్తోంది, వెళ్లాలి. తొక్కితే ఆరిపోవు కదా?"

సీటెక్కాను. అక్కడ పల్లమేమీ లేదు, నేనింకా పెడల్ మీద కాలైనా పెట్టలేదు.

ముందు చక్రం మెల్లగా తిరిగింది.