కాపాడటానికి వచ్చిన ఎలుగు

ఎలుగుబంటికి కంటిచూపు మందం, ముక్కు మాత్రం చురుకు. అడవిలో అన్యాయం ఎక్కడ జరుగుతోందో కూడా అది ముక్కుతోనే కనిపెట్టేది.

ఒకరోజు అది ఉడుత కాపురముండే మద్దిచెట్టు కిందికి వచ్చింది. పైకొమ్మకు గుమ్మడికాయంత తేనెపట్టు, ఆ పక్కనే ఉడుత గూడు, గూట్లో ఇంకా కళ్ళు తెరవని రెండు పిల్లలు.

"నీకు పాము భయం ఉందటగా తల్లీ, కాపాడదామని వచ్చాను."

"పాము ఇటు రాలేదు మామా. పొద్దున పక్కచెట్టెక్కి పిగిలిపిట్ట పిల్లను మింగిపోయింది. ఆ పిట్ట నిన్ను ఎంత పిలిచిందో, వినబడలా?"

"విన్నానమ్మా. పరాయివాళ్ళ గొడవల్లో తలదూర్చడం నాకు అలవాటు లేదు," అంటూ ఎలుగు చెట్టెక్కి పట్టంతా పిండుకుని తాగింది. దాని బరువుకు కొమ్మ విరిగి గూడు కిందపడింది.

"ఇక నీకే భయమూ లేదు," అని మూతి నాక్కుంటూ వెళ్ళిపోయింది.

పిల్లలు గడ్డిలో పడి బతికాయి. ఉడుత ఒక్కోదాన్నీ నోట కరుచుకుని పిగిలిపిట్ట గూటికి చేర్చింది. పిగిలిపిట్ట మిగిలిన తన ఒక్క పిల్లను కాస్త జరిపి, మూడింటినీ రెక్క కింద పొదువుకుంది.

"పాము మళ్ళీ వస్తే ఎలా వదినా?" అని అడిగింది పిగిలిపిట్ట.

"నువ్వు పొడువు, నేను కొరుకుతాను. కాపాడమని మాత్రం ఎవర్నీ కేకెయ్యకు."