ఇరవై అడుగులు

“కళ్లు మూసుకోండి తాతయ్యా. కుర్చీలోంచి లేచి, ఆ తలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చున్నట్టు ఊహించుకోండి. ఇంటి దగ్గర ఎలా నడుస్తారో అచ్చం అలాగే. కూర్చోగానే ‘అయింది’ అనండి.”

ఫిజియో అమ్మాయి స్టాప్‌వాచ్ నొక్కింది.

పక్షవాతంతో వాచీల తాతయ్య కుడిచెయ్యి మొరాయించి మూడు నెలలైంది. నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన చెయ్యి. ఇప్పుడు చొక్కా గుండీ కూడా దాని మాట వినడం లేదు. కదలికల్ని మనసులో చూస్తూ చెయ్యిని దారికి తెచ్చే వైద్యం ఒకటుందనీ, అందులో ఒక్క ఖాళీయే మిగిలిందనీ తెలిసి, భార్యతో కలిసి ఆఘమేఘాల మీద వచ్చాడు. ఊహలో నడకకు పట్టిన సమయం, అసలు నడకకు పట్టిన సమయం ఒక్కలా ఉంటేనే చోటు. లేదంటే ఇంటికే.

ఇరవై అడుగులు. అర నిమిషం చాలు.

నిమిషమైంది. రెండయ్యాయి. నాలుగయ్యాయి. తాతయ్య మొహంలో ఎక్కడలేని ఓర్పు.

ఆరు నిమిషాల పది సెకన్లకు “అయింది” అన్నాడు.

“నిద్రపోయారా?”

“నిద్రేంటమ్మా! నడుస్తున్నాగా.”

“ఇరవై అడుగులకి ఆరు నిమిషాలా?”

“మధ్యమధ్యలో ఆగాల్సొచ్చింది.”

“ఆయాసమా? కాళ్లు లాగాయా?”

“కాళ్లకేం, గుర్రాల్లా ఉన్నాయి.”

మళ్లీ చేయించింది. ఆరు నిమిషాల పన్నెండు సెకన్లు. ఆ అమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“ఊరందరికీ టైము సరిచేసిన మనిషిని. నా లెక్క తప్పదు, రాసుకో,” అన్నాడు తాతయ్య. బింకంగానే అన్నాడు గానీ ఎడంచేత్తో కుడిచెయ్యిని ఒళ్లోకి లాక్కున్నాడు. ఈ చోటు పోతే ఆ చేత్తో మళ్లీ వాచీ మూత తీయలేనేమోనని ఆయన భయం.

‘ఊహాశక్తి బాగా తక్కువ’ అని జాలిపడుతూనే రాసుకుంది. ఇక అసలు నడక ఒక్కటే మిగిలింది. అదెలాగూ లాంఛనమే.

“లేవండి తాతయ్యా. ఇంటి దగ్గర ఎలా నడుస్తారో అచ్చం అలాగే.”

పడతాడేమోనని ఎప్పట్లాగే చెయ్యి పట్టుకుని నడిపించిన భార్య, పక్క కుర్చీ ఆవిడ మోకాలి నొప్పులూ, నేల తుడిచేవాడి పిల్లల చదువులూ, తలుపు దగ్గర నర్సు అత్తగారి ఆగడాలూ నింపాదిగా విచారించి, ఆయన్ను తిరిగి తెచ్చి కూర్చోబెట్టేసరికి స్టాప్‌వాచ్ సరిగ్గా ఆరు నిమిషాల పదకొండు సెకన్లు చూపించింది.